ఇరవయ్యొక్కేళ్ల పుల్లరి బాకీ

పట్టుబడిన పశువులను బందెలదొడ్డి నుంచి గానీ, దొడ్డికి తోలుకుపోతున్న దారిలో గానీ బలవంతంగా విడిపించుకుపోయినవాడికి ఆరు నెలల వరకు ఖైదు, లేదా అయిదు వందల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం 24వ సెక్షన్ చెబుతుంది. మహారాష్ట్రలోని సిరోంచ తాలూకా కోర్టులో చిన్నాచితకా కేసులు నడుపుకునే నాబోటి వకీళ్లకు తప్ప ఈ సెక్షన్ ఎవరికీ గుర్తుండదు. దీన్ని తిరగేసినప్పుడల్లా నాకు అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో 2014 ఏప్రిల్‌లో క్లైవెన్ బండీ అనే ఆసామి పశువుల విషయంలో జరిగిన వ్యవహారం మనసులో మెదులుతుంది. ఎప్పుడో తెల్లదొరలు మన దేశం కోసం రాసిపెట్టిన ఆ సెక్షన్‌లోని నేరం అంత పెద్ద ఎత్తున, పట్టపగలు, కెమెరాల ఎదుట జరగడం, పైగా అందుకు చివరికి ఆ పశువుల యజమానికి ఏ శిక్షా పడకపోవడం ఎలా సాధ్యమైందో కొంతకాలంగా చదువుతున్నాను. చదివినదాన్ని, మా తాలూకాలో చూస్తున్నదాన్ని పక్కపక్కన పెట్టి ఇక్కడ రాస్తున్నాను.

నెవాడా రాష్ట్రంలో సుమారు 80 శాతం భూమి కేంద్ర ప్రభుత్వానిది. అందులో చాలా భాగాన్ని బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే సంస్థ చూసుకుంటుంది. 1934లో వచ్చిన టేలర్ గ్రేజింగ్ చట్టం ప్రకారం ఆ భూముల్లో పశువులను మేపాలంటే పర్మిట్ తీసుకోవాలి, పుల్లరి కట్టాలి. ఆ పుల్లరి ఎంతో తెలిస్తే మన రైతులు నవ్వుతారు: 2014లో ఒక ఆవుకు, దాని దూడకు కలిపి నెలకు 1.35 డాలర్లు, అంటే అప్పటి లెక్కన మన డబ్బులో ఎనభై రూపాయల చిల్లర. అక్కడే ప్రైవేటు భూమిలో మేపుకోవాలంటే అంతకు ఎన్నో రెట్లు ఇచ్చుకోవాలి. బ్యూరో ఇచ్చిన పర్మిట్లు, లీజులు దాదాపు 18,000 ఉన్నాయి. వాటిని పొందినవారిలో అత్యధికులు ఏటా నోరు మెదపకుండా పుల్లరి కట్టి పశువులను తోలుకుపోతారు.

క్లైవెన్ బండీ కట్టలేదు. లాస్ వేగస్ నగరానికి ఈశాన్యాన, బంకర్‌విల్ ఊరి దగ్గర పశువులు పెంచుకునే కుటుంబం ఆయనది. 1990లో అక్కడి ఎడారి తాబేలును అంతరించే ముప్పున్న జీవుల జాబితాలో చేర్చారు. వసంతంలో మొలిచే కాస్త గడ్డినీ పశువులు మేసేస్తే తాబేలుకు తిండి ఉండదన్న కారణంతో 1993లో బ్యూరో మేత షరతులను మార్చి పశువుల సంఖ్యకు పరిమితి పెట్టింది. బండీ ఆ షరతులను ఒప్పుకోలేదు, పుల్లరి ఆపేశాడు, పశువులను తోలడం మాత్రం ఆపలేదు. వాటిని తీసెయ్యమని 1998లో ఫెడరల్ కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. 2013లో అదే మాట మరో రెండుసార్లు చెప్పి, తీయకపోతే జప్తు చేసుకోవచ్చని కూడా అంది. అప్పటికి బాకీ, జరిమానాలు కలిసి పది లక్షల డాలర్లు దాటాయి.

ఆయన వాదన ఏమిటంటే, తన పూర్వీకులు తరతరాలుగా అక్కడ పశువులను మేపుతున్నారు కాబట్టి హక్కు తనది, ఒకవేళ ఎవరికైనా కట్టాల్సి వస్తే అది రాష్ట్రానికే గానీ కేంద్రానికి కాదు. వినడానికి ఇంపుగా ఉన్నా కాగితం మీద ఇది నిలబడదు. ఆ నేల 1848 సంధితో మెక్సికో నుంచి కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది; నెవాడా రాష్ట్రంగా పుట్టింది 1864లో; పుట్టేటప్పుడే, ఎవరికీ కేటాయించని ప్రభుత్వ భూముల మీద తనకు ఎలాంటి హక్కూ లేదని ఆ రాష్ట్రం శాశ్వతంగా రాసిచ్చింది. ఇక తరతరాల మేత సంగతి. కొలరాడోకు చెందిన ఫ్రెడ్ లైట్ అనే పశువుల పెంపకందారు సరిగ్గా ఇలాంటి వాదనతోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, ప్రభుత్వం చూసీచూడనట్టు ఊరుకున్నంత మాత్రాన ఎవరికీ హక్కు దఖలు పడదని 1911లోనే తీర్పు వచ్చింది. కాబట్టి చట్టం దృష్టిలో ఈ కేసులో రెండో పక్షమంటూ లేదు. ప్రభుత్వం దగ్గర అన్ని తీర్పులూ ఉన్నాయి, అయినా ఓడిపోయింది. నన్ను ఆకర్షించింది ఆ ఓటమే.

మా వైపు బందెలదొడ్డిని మరాఠీలో కోండవాడా అంటారు, తెలుగువాళ్లం కూడా అదే పేరుతో పిలుస్తాం. నాకు తెలిసిన ఒకదానికి రాతిగోడ, తుప్పుపట్టిన ఇనుప గేటు ఉంటాయి; పశువులు ఒరుసుకుని ఒరుసుకుని గోడ నడుము ఎత్తున నున్నగా తేలింది. పొద్దున ఎవరి చేలోనో పడిన ఆవు మధ్యాహ్నానికి అక్కడికి చేరుతుంది. సాయంత్రానికి యజమాని భుజాన పలుపుతాడు వేసుకుని వస్తాడు, గుమాస్తా కార్బన్ కాగితం పెట్టి రసీదు రాస్తాడు, జరిమానా ఇంత, మేత ఖర్చు ఇంత అని చెబుతాడు, యజమాని కాసేపు గొణుగుతాడు, పంటవాణ్ని నాలుగు తిడతాడు, డబ్బు కట్టి ఆవును తోలుకుపోతాడు. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే ఊళ్లో, సంతలో దండోరా వేయించాలని, ఆ తర్వాత మరో ఏడు రోజులు చూసి వేలం వేయాలని, ఖర్చులు పోను మిగిలిన డబ్బు యజమాని కోసం దాచాలని ఆ పాత చట్టం చెబుతుంది. ఆ చట్టాన్ని రాసినవారి మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు గానీ, పశువుల తగాదాను వారాలు దాటనివ్వకూడదన్న ఇంగితం మాత్రం దానిలో ఉంది. ఒక్క ఆవును పట్టుకున్నప్పుడు అది తగాదా, అంతే; ఇరవై ఏళ్లు పట్టుకోకుండా వదిలేసిన మందను పట్టుకోబోతే అప్పుడది యుద్ధం అవుతుంది.

బంకర్‌విల్‌లో జరిగింది అదే. 1993 నుంచి 2014 వరకు ఇరవయ్యొక్క ఏళ్లపాటు నోటీసులు వెళ్లాయి, తారీఖులు పడ్డాయి, ఉత్తర్వులు వచ్చాయి, ఒక్క ఆవును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. 2012లో పశువులను పట్టుకోవడానికి అంతా సిద్ధం చేసుకుని, గొడవ జరుగుతుందన్న భయంతో చివరి నిమిషంలో మానుకున్నారు. ఆ రోజున బండీకి, ఆయన్ను గమనిస్తున్న చుట్టుపక్కల వారందరికీ ఏం అర్థమై ఉంటుందో చెప్పనక్కర్లేదు. మొక్కై వంగనిది మానై వంగదని మన పెద్దలు పిల్లల గురించి అన్నారు గానీ, అది బాకీలకు కూడా వర్తిస్తుంది.

2014 ఏప్రిల్ 5న బ్యూరో కదిలింది. హెలికాప్టర్లు, కిరాయికి తెచ్చిన పశువుల పట్టుబడిదారులు, ఆయుధాలు ధరించిన అధికారులతో వచ్చి వారం రోజుల్లో దాదాపు 400 పశువులను పట్టుకుంది. నిరసన తెలపాలనుకునేవారు నిలబడేందుకు ఎడారిలో కంచె వేసి కొంత స్థలం చూపించింది, మాట్లాడే స్వేచ్ఛకు కంచె ఏమిటని రాష్ట్ర గవర్నరే తప్పుపట్టాడు. ఏప్రిల్ 9న బండీ కొడుకు ఒకడి మీద కరెంటు తుపాకీ ప్రయోగించిన దృశ్యాలు దేశమంతా చూసింది. మిలీషియాలు అని పిలుచుకునే సాయుధ దళాలు నలుమూలల నుంచి బయలుదేరాయి. ఏప్రిల్ 12న వందలాది మంది, కొందరు గుర్రాల మీద, కొందరు కాలినడకన, 15వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి వంతెన దిగువన ఉన్న పశువుల కంచె మీదికి నడిచారు. వంతెన మీద కొందరు రైఫిళ్లను అధికారుల వైపు గురిపెట్టి పడుకున్నారు. షెరీఫ్ మధ్యవర్తిత్వం చేశాడు. బ్యూరో పశువులను వదిలేసి వెళ్లిపోయింది.

మన పాఠకులకు ఇక్కడ ఒక సందేహం రావాలి: తుపాకులతో వచ్చిన వాళ్లను దారిలోనే ఎందుకు ఆపలేదు? నెవాడాలో తుపాకీ బహిరంగంగా పట్టుకుని తిరగడం నేరం కాదు. 1791లో వారి రాజ్యాంగంలో చేరిన రెండో సవరణ నీడలో పెరిగిన దేశం అది. రైఫిల్ భుజాన ఉన్నంతసేపు ఆ మనిషి పౌరుడు, అధికారి వైపు తిప్పిన క్షణంలో నేరస్థుడు. ఆ రెంటి మధ్య ఎడం ఒక రెప్పపాటు. మా గడ్చిరోలి జిల్లాలో నాలుగు దశాబ్దాలకు పైగా తుపాకీ ఉన్నవాడి పట్ల ప్రభుత్వం ఏ విధంగా నడుచుకుంటుందో చూసిన మాకు ఆ వంతెన ఫొటోలు నమ్మశక్యంగా అనిపించవు. అక్కడ కాల్పులు జరగాల్సిందని నా ఉద్దేశం ఏమాత్రం కాదు. ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్న ఆ గుంపు మధ్యలో ఒక్క గుండు పేలితే ఎన్ని శవాలు లేచేవో. 1993లో టెక్సాస్‌లోని వేకోలో ఒక మతశాఖ ఆవరణను ముట్టడించి, డెబ్బై మందికి పైగా అగ్నికి ఆహుతి కావడం చూసిన ప్రభుత్వం అది. ఆ రోజు వెనక్కి తగ్గడం సరైన నిర్ణయమే. తప్పు అంతకు ముందూ జరిగింది, ఆ తర్వాతా జరిగింది.

తర్వాత జరిగినది ఏమిటంటే, దాదాపు రెండేళ్లపాటు ఎవరినీ అరెస్టు చేయలేదు. గెలిచామన్న ఊపు చల్లారలేదు. 2014 జూన్‌లో, అంతకు ముందు బండీ శిబిరానికి వెళ్లొచ్చిన ఒక జంట లాస్ వేగస్‌లో భోజనం చేస్తున్న ఇద్దరు పోలీసులను కాల్చి చంపింది. 2016 జనవరి 2న బండీ కొడుకులు అమ్మన్, రయన్ మరికొందరు సాయుధులతో ఆరెగన్ రాష్ట్రంలోని మల్హూర్ వన్యప్రాణి ఆశ్రయ కార్యాలయాన్ని ఆక్రమించారు. ప్రభుత్వ భూమికి నిప్పంటుకున్న కేసులో హామండ్ అనే తండ్రీకొడుకులకు, ఒకసారి శిక్ష అనుభవించి వచ్చాక, చట్టం చెప్పే కనీస శిక్ష అయిదేళ్లు అని మళ్లీ జైలుకు పంపడం దానికి సాకు; న్యాయంగా చెప్పాలంటే ఆ ఒక్క ఫిర్యాదులో కొంత పస ఉంది. ఈసారి ఎఫ్‌బీఐ తొందరపడలేదు, రాకపోకలను కూడా వెంటనే ఆపలేదు. జనవరి 26న నాయకులు వేరే ఊరికి వెళ్తుండగా రోడ్డు మీద పట్టుకుంది. ఆ సందర్భంలో లవాయ్ ఫినికమ్ అనే ఆయన పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆక్రమణ మొదలైన 41వ రోజున, ఫిబ్రవరి 11న, చివరి నలుగురు లొంగిపోయారు. ఆ ముందు రోజే పోర్ట్‌లాండ్ విమానాశ్రయంలో పెద్ద బండీని అరెస్టు చేశారు.

ఇక్కడితో కథ ముగియాల్సింది, కోర్టుల్లో అది పూర్తిగా తిరగబడింది. 2016 అక్టోబరులో ఆరెగన్ జ్యూరీ అమ్మన్, రయన్ సహా ఏడుగురిని నిర్దోషులుగా వదిలేసింది. నెవాడా కేసు ఇంకా దారుణం. జడ్జి గ్లోరియా నవారో ముందు విచారణ సాగుతుండగా, ప్రాసిక్యూషన్ నిందితులకు చూపించవలసిన కాగితాలను చూపించలేదని బయటపడింది: బండీ ఇంటి వైపు ఎఫ్‌బీఐ కెమెరా పెట్టిన సంగతి, చుట్టుపక్కల గురిపెట్టిన తుపాకులతో మనుషులను ఉంచిన సంగతి, ఈ కుటుంబం హింసకు దిగే అవకాశం తక్కువని అధికారులే వేసుకున్న అంచనాలు. నిందితుడికి అనుకూలమైన సాక్ష్యాన్ని దాచకూడదని 1963లో బ్రేడీ కేసులో వారి సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది, న్యాయవిద్యార్థికి కూడా తెలిసిన సూత్రం అది. 2018 జనవరి 8న జడ్జి కేసును మళ్లీ పెట్టడానికి వీల్లేకుండా కొట్టేసింది, 2020లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. మధ్యలో, 2018 జులైలో, అధ్యక్షుడు ట్రంప్ హామండ్‌లకు క్షమాభిక్ష పెట్టాడు.

ఈ భాగం చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదని చెప్పుకోవడానికి సిగ్గుపడను. మేకలు రిజర్వు అడవిలో మేశాయని 1927 అటవీ చట్టం 26వ సెక్షన్ కింద పెట్టిన ఒక కేసులో నేను మేకలవాడి పక్షాన నిలబడ్డాను. మేకలు మేసిన మాట నిజమే, అది ఊరంతా ఎరుగును. పంచనామా మాత్రం ఘటనాస్థలంలో రాసింది కాదు. పంచుల సంతకాల కింద వేసిన తారీఖున ఆ ఇద్దరు పంచుల్లో ఒకాయన కూతురి పెళ్లి పనిమీద నది ఆవల ఉన్నాడు. కేసు నిలవలేదు. నా కక్షిదారు దండం పెట్టి వెళ్లిపోయాడు, మరుసటి వారం మేకలు మళ్లీ అదే అడవిలో ఉన్నాయి. నిజమైన నేరానికి అబద్ధపు కాగితం తోడైతే చివరికి మిగిలేది ఇదే, బంకర్‌విల్ అయినా మా తాలూకాలోని బామ్ని అయినా.

బండీ వార్తలు మన ఫోన్లలోకి వచ్చినప్పుడు కొందరు మిత్రులు ఆయన్ను కన్నెగంటి హనుమంతుతో పోల్చారు. పుల్లరి అనగానే తెలుగువాడికి పల్నాడు గుర్తురావడం సహజం. 1921లో అడవి పుల్లరి కట్టబోమని పల్నాడు రైతులు ఎదురుతిరిగారు, 1922 ఫిబ్రవరిలో హనుమంతును తెల్ల ప్రభుత్వం కాల్పుల్లో చంపింది. మాకు ఇంకా దగ్గరి ఉదాహరణ ప్రాణహిత ఆవల ఉంది. ఆసిఫాబాద్ అడవుల్లో గోండుల నుంచి పశువుల మేతకు బంబ్రాం, కట్టెలకు దూపపెట్టి అని నిజాం ఉద్యోగులు వసూలు చేసేవారు. వాటికి ఎదురు నిలిచిన కుమురం భీము 1940లో జోడేఘాట్‌లో పోలీసు కాల్పుల్లో నేలకొరిగారు. ఆయన పోయిన తర్వాతే గోండుల గోడు ఏమిటో కనుక్కోమని నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ముందు కాల్చి, తర్వాత కారణం అడిగిన ప్రభుత్వం అది.

ఈ పోలికను నేను ఒప్పుకోను. హనుమంతుకు ఆ ప్రభుత్వాన్ని దించగల ఓటు లేదు, భీముకు వెళ్లడానికి నమ్మదగిన కోర్టు లేదు, మేత తప్ప మరో బతుకుదెరువు ఉన్న జనం కారు వాళ్లు. బండీకి ఓటు ఉంది, మూడు తీర్పులిచ్చిన కోర్టు ఉంది, మార్కెట్ ధరకంటే ఎంతో చవకైన పుల్లరి ఉంది. అన్నిటికంటే పెద్ద తేడా మరొకటి. తరతరాల హక్కు అన్న మాటే నిలబడే పక్షంలో, ఆ నేల మీద మొదటి హక్కు అక్కడి మూలవాసులైన పైయూట్ తెగలది. మల్హూర్ ఆక్రమణ సమయంలో బర్న్స్ పైయూట్ తెగ పెద్దలు ఆ సంగతే గట్టిగా చెప్పారు, ఇది మా పూర్వీకుల నేల, మీరు వెళ్లిపొండి అన్నారు. ఆక్రమించినవాళ్లు ఆ భూమిని అసలు యజమానులకు తిరిగి ఇప్పిస్తామన్నప్పుడు పైయూట్‌ల పేరు వాళ్ల నోటికి రాలేదు. గోండుల అడవిని గోండులకే ఇవ్వమన్న భీము ఎక్కడ, పైయూట్‌ల నేలను పశువుల ఆసాములకు ఇవ్వమన్న వీళ్లెక్కడ.

ప్రభుత్వం ఎవరి ముందు తగ్గుతుంది, ఎవరి మీద విరుచుకుపడుతుంది అన్న ప్రశ్న మాత్రం అటూ ఇటూ ఒకటే. మన దగ్గర ఊరుమ్మడి మేత భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు వేసుకొమ్మని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. 2022లో బొంబాయి హైకోర్టు గాయరాన్ (ఊరి మేత భూమి) ఆక్రమణల సంగతి తేల్చమని మహారాష్ట్రను నిలదీసింది. నోటీసులు వెళ్లాయి, గోల లేచింది, ప్రభుత్వం మెత్తబడింది. అక్కడ ఎవరి చేతిలోనూ రైఫిల్ లేదు, లక్షల ఓట్లున్నాయి. వాటిలో పేదల గుడిసెలూ ఉన్నాయి, పెద్దల తోటలూ ఉన్నాయి; తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) కాగితంలో రెండూ ఒకే పేరుతో ఉంటాయి. సాత్‌బారా అనే భూమి రికార్డులో గాయరాన్ అని స్పష్టంగా రాసి ఉన్న నేలలో ఇప్పుడు ప్రహరీగోడలు చూస్తున్నాను. అదే సమయంలో ఒంటి ఆవు ఉన్న ముసలామె కోండవాడా రసీదు తప్పించుకోలేదు.

మా సిరోంచ అటవీ విభాగంలో ఈ ప్రశ్న పెద్దది కాబోతున్నది కొలామార్కాలో. మహారాష్ట్రలో అడవి బర్రెలు మిగిలిన చోటు అది, 2013లో వాటి కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఊరి బర్రెలు అక్కడ మేయడానికి వెళ్తే గాలికుంటు లాంటి రోగాలు అంటడమే కాక రెండు జాతులూ కలిసి అడవి బర్రె రక్తమే పలచబడుతుంది. నెవాడాలో తాబేలు ఉన్న స్థానంలో ఇక్కడ అడవి బర్రె ఉంది. తేడా ఏమిటంటే చుట్టూ ఉన్నవాళ్లు గోండులు, మాడియాలు, ఇంకా మన గొల్లలు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3 వీళ్లకు మేత హక్కును సామూహిక హక్కుగా ఇచ్చింది. ఈ జిల్లాలోనే మెండా లేఖా గ్రామసభ 2009లో సామూహిక అటవీ హక్కును సాధించి తన అడవి నియమాలను తానే రాసుకుంది. కొలామార్కా చుట్టూ ఉన్న ఊళ్లలో కూడా ఏ నెలలో, ఎటువైపు, ఎన్ని పశువులు అన్నది గ్రామసభలో ముందే కూర్చుని తేల్చి, టీకాలు వేయించి, ఉల్లంఘించినవాడి దగ్గర ఆ వారమే జరిమానా వసూలు చేసి రసీదు ఇస్తే సరిపోతుంది. ఈ పనికి హెలికాప్టర్ అక్కర్లేదు, ఒక రసీదు పుస్తకం, దాన్ని ప్రతి వారం తెరిచే మనిషి చాలు.

బంకర్‌విల్ పశువులను మళ్లీ పట్టుకునే ప్రయత్నం ఆ తర్వాత బ్యూరో చేయలేదు. ఒబామా పదవి దిగిపోయే ముందు, 2016 డిసెంబరు 28న, ఆ ప్రాంతాన్ని గోల్డ్ బ్యూట్ జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించారు. 2018లో కేసు పోయాక కూడా బండీ తన పశువులను అక్కడికే తోలాడు, పుల్లరి కట్టకుండానే. పర్మిట్ ఉన్న మిగతా పశువుల ఆసాములు తమ పుల్లరి కట్టి రసీదు తీసుకుంటూనే ఉన్నారు.